శ్రీశైలం కరెంటు, గని సోలారు, మా బావ షెడ్డు: యుటిలిటీస్ రంగం లెక్క ఎట్లా కడతారు?

పోయినసారి జిల్లాల తలసరి ఆదాయం గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ ఎపిసోడ్ చూసి మా బావ ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేశాడు. మా అక్క భర్త. అక్కడ శిల్పాల షెడ్డు నడుపుతాడు. మెచ్చుకోవడానికి చేశాడేమో అనుకున్నా. కాదు, తిట్టడానికి.

“ఏమప్పా, అంతసేపు లెక్కలు చెప్తివి. ఒక్క మాట చెప్పు. శ్రీశైలం కరెంటు మన జిల్లా. గని సోలారు మన జిల్లా. పిన్నాపురంలో కట్టిండేది మన జిల్లా. ఇంత కరెంటు ఈడ పుడుతుంటే ఆ దుడ్లు యాడికి పోతాండాయి? మొన్న గాలివానకి మూడు దినాలు నా షెడ్డులో మిషన్ తిరగల్యా. అది నీ లెక్కలో యాడుంది?”

నాకు వెంటనే జవాబు రాలేదు. చెప్తాను బావా, ఆదివారం వస్తా అన్నాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్లే. వెళ్లి షెడ్డులో కూర్చుని, ఆయన కరెంటు బిల్లు ముందర పెట్టుకుని, ఇద్దరం రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఈ ఎపిసోడ్ ఆ మాటలే, కొంచెం వరసలో పెట్టి చెప్తాను.

మొదట ఒక మూల సూత్రం. ఇది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే వస్తుంది. బావ ఒక విగ్రహం చేశాడనుకోండి. రాయికి 40 వేలు, బ్లేళ్లు, ఉలులు, కరెంటు అన్నీ కలిపి ఇంకో 10 వేలు. విగ్రహం లక్షా యాభై వేలకి అమ్మాడు. మరి బావ ‘ఉత్పత్తి’ ఎంత? లక్షా యాభై వేలు అని అనకూడదు. ఎందుకంటే అందులో 50 వేలు బయట ఎవరో చేసిన పని. క్వారీ వాళ్లది, బ్లేళ్ల కంపెనీది, కరెంటు వాళ్లది. బావ షెడ్డులో ఆ రాయికి కొత్తగా చేరిన విలువ లక్ష. దీన్నే స్థూల విలువ జోడింపు, అంటే జీవీఏ అంటారు. ఆ లక్షలోంచే పనివాళ్ల కూలీ, అప్పు మీద వడ్డీ, మిషన్ల అరుగుదల, చివరికి బావ లాభం, అన్నీ రావాలి. రాష్ట్రంలో అందరి జీవీఏలు కూడితే రాష్ట్రం జీఎస్‌వీఏ. దాని మీద వస్తువుల పన్నులు కలిపి, వస్తువుల సబ్సిడీలు తీసేస్తే జీఎస్‌డీపీ. ఈ పని మన దగ్గర చేసేది రాష్ట్ర అర్థ గణాంక శాఖ. పద్ధతి మాత్రం కేంద్ర గణాంక శాఖది. అన్ని రాష్ట్రాలకీ ఒకే పద్ధతి ఉండాలి కాబట్టి.

ఈ లెక్కలో మన సంగతి ఉన్న గది పేరు కొంచెం పొడుగు: ‘విద్యుత్, గ్యాస్, నీటి సరఫరా, ఇతర యుటిలిటీ సేవలు’. దేశం మొత్తం మీద చూస్తే ఇది జీవీఏలో రెండు, మూడు శాతం మధ్య ఉంటుంది. అంతే. బావ నమ్మలేదు. “ఈ రెండు శాతం ఆగిపోతే మిగిలిన తొంభై ఎనిమిది నడుస్తుందా?” అన్నాడు. నడవదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ముందు ఈ గదిలో ఎవరున్నారు, ఎవరు లేరు చూద్దాం. ఇది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. నంద్యాలలో మున్సిపల్ కొళాయి నీళ్లు ఈ గదిలోకి వస్తాయి. అదే ఊరి పక్కన పారే కేసీ కెనాల్ నీళ్లు రావు! సాగునీటి కాలువల నిర్వహణని వ్యవసాయం కింద కడతారు. అంటే అవే నీళ్లు పొలానికి పోతే ఒక గది, బిందెలోకి పోతే ఇంకో గది. అదే నీళ్లని సీసాలో కట్టి మూత బిగించి అమ్మితే మూడో గది. అది తయారీ రంగం, కూల్‌డ్రింకుల పక్కన. గ్యాస్ సంగతి కూడా ఇంతే. పైపులో ఇంటికొచ్చే గ్యాస్ ఇందులో ఉంటుంది, గోబర్ గ్యాస్‌ని కూడా ఇందులోనే కలుపుతూ వచ్చారు. మీ ఇంటికి ఆటోలో వచ్చే సిలిండర్ మాత్రం వాణిజ్యం, అది అమ్మకం కాబట్టి. మురుగు, చెత్త సేకరణ ‘ఇతర యుటిలిటీ’ అనే మాటలో ఉన్నాయి. 2011-12ని ఆధార సంవత్సరంగా తీసుకుని లెక్కలు మార్చినప్పుడు ఈ గదిలోకి వచ్చి చేరాయి. పొద్దున్నే మీ వీధిలో చెత్త బండి లాగే ఆమె జీతం, శ్రీశైలం పవర్‌హౌస్ ఇంజనీర్ జీతం ఒకే గదిలో ఉంటాయన్నమాట.

తెలుగు గంగ సంగతి ఇంకా చిత్రం. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర నీళ్లు కాలువలో పడతాయి. అది మన నంద్యాల జిల్లానే. బానకచెర్ల, వెలుగోడు మీదుగా దక్షిణానికి పోయి, సోమశిల, కండలేరు దాటి మద్రాసు దాకా పోతాయి. 1983లో ఒప్పందం, 1996లో అక్కడికి నీళ్లు చేరాయి. ఆ నీళ్లని శుద్ధి చేసి చెన్నైలో ఇళ్లకి పంచినప్పుడు పుట్టే విలువ తమిళనాడు లెక్కలో పడుతుంది. అది తప్పు కాదు, పంచే పని అక్కడ జరిగింది కాబట్టి అక్కడే పడాలి. కానీ ‘మన నీళ్లు, మన లెక్క’ అనుకునేవాళ్లు ఇక్కడే మొదటిసారి తడబడతారు.

సరే, కరెంటు దగ్గరికి వద్దాం. అసలు కథ ఇక్కడుంది.

కర్నూలు సోలార్ పార్కు, అందరూ గని సోలార్ అంటారు, 1000 మెగావాట్లు. గని, శకునాల గ్రామాల భూముల్లో కట్టారు, 2017లో నడక మొదలైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు గని ఉన్న గడివేముల మండలం నంద్యాలకి వచ్చింది, శకునాల ఉన్న ఓర్వకల్లు కర్నూలులో ఉండిపోయింది. ప్యానళ్లకి ఆ సంగతి తెలీదు, గణాంకాల వాళ్లకి మాత్రం తలనొప్పి.

బావ బిల్లు వెనక పక్క ఒక ఉజ్జాయింపు లెక్క వేశాను. సంవత్సరానికి 8,760 గంటలు. సోలార్‌కి రాత్రి లేదు, మబ్బు ఉంటుంది, కాబట్టి ఐదో వంతు పని చేస్తుందనుకుందాం. 1000 మెగావాట్లకి ఏడాదికి సుమారు 175 కోట్ల యూనిట్లు. ఈ పార్కులో సగం సామర్థ్యానికి 2015లో వేలం జరిగితే యూనిట్ 4 రూపాయల 63 పైసలకి పోయింది. అప్పటికి దేశంలో అదే తక్కువ ధర, పేపర్లలో పెద్ద వార్త. మొత్తానికీ అదే ధర అనుకుంటే రాబడి 800 కోట్ల పైచిలుకు. ఇప్పుడు అందులోంచి బయటివాళ్ల పని తీసేయాలి. ప్యానళ్లు కడిగే నీళ్లు, స్పేర్ పార్టులు, బీమా ఇట్లాంటివి. పదో వంతు అనుకున్నా ఇంకా 730 కోట్ల చిల్లర మిగులుతుంది. ఎందుకంటే ఎండ కొనక్కర్లేదు కదా.

ఇదే కడప జిల్లాలో ఆర్‌టీపీపీ చూడండి, మన రాయలసీమ థర్మల్. 1,650 మెగావాట్లు. అక్కడ పుట్టిన ప్రతి రూపాయిలో సగానికి పైగా బొగ్గుకి, బొగ్గు తెచ్చే రైలుకి పోతుంది. బొగ్గు విలువ గనుల రంగంలో, రైలు కిరాయి రవాణా రంగంలో ముందే పడిపోయింది. కాబట్టి వంద రూపాయల థర్మల్ కరెంటు, వంద రూపాయల సోలార్ కరెంటు మీటరు దగ్గర ఒకటే, జీవీఏ దగ్గర ఒకటి కాదు. ఒక రాష్ట్రం బొగ్గు నుంచి ఎండకి మారితే, ఒక్క యూనిట్ కూడా ఎక్కువ తయారు కాకుండానే ఈ రంగం ‘పెరిగినట్టు’ కనపడొచ్చు. పత్రికలో ‘విద్యుత్ రంగంలో భారీ వృద్ధి’ అని చూసినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: యూనిట్లు పెరిగాయా, మిశ్రమం మారిందా, ధర పెరిగిందా?

ఇక పిన్నాపురం. పాణ్యం దగ్గర కొండల మీద రెండు రిజర్వాయర్లు, మధ్యలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్. పగలు కరెంటు చవకగా దొరికినప్పుడు నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం అందరూ స్విచ్ వేసినప్పుడు ఆ నీళ్లు కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఇట్లాంటి ఏర్పాట్లలో వంద యూనిట్లు పెడితే తిరిగి వచ్చేది డెబ్బై ఐదు, ఎనభై. బావ నవ్వాడు: “వంద పెట్టి ఎనభై తీసేది ఉత్పత్తి ఎట్లయితాదప్పా?” యూనిట్ల లెక్కలో అది నష్టమే. రూపాయల లెక్కలో కాదు. మన దగ్గర శనగల రైతుల్ని చూడండి. కోత సమయంలో ధర పడిపోతే గోడౌన్‌లో పెడతారు. కొంత తరుగు పోతుంది, పురుగు తింటుంది, అద్దె కట్టాలి. అయినా ధర పెరిగాక అమ్మితే మిగులుతుంది. ఆ మిగులే విలువ. పిన్నాపురంలో కొన్న కరెంటు ఖరీదు మధ్యంతర ఖర్చు, అమ్మిన కరెంటు లేదా నిల్వకి వచ్చే ఫీజు రాబడి, తేడాయే జీవీఏ. కిలోవాట్ గంటల్లో మైనస్, లెక్కల పుస్తకంలో ప్లస్.

శ్రీశైలం గురించి చెప్పకపోతే బావ ఒప్పుకోడు. ఆనకట్ట ఒకటే, నీళ్లు ఒకటే, పవర్‌హౌస్‌లు రెండు. కుడి గట్టున ఏడు యూనిట్లు, ఒక్కొక్కటి 110, మొత్తం 770 మెగావాట్లు. మనవైపు. ఎడమ గట్టున భూమి లోపల ఆరు యూనిట్లు, ఒక్కొక్కటి 150, మొత్తం 900. తెలంగాణ వైపు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఏ గట్టు మీద ఉన్నది ఆ రాష్ట్ర జెన్‌కోకి పోయింది. నీళ్లు కుడివైపు టర్బైన్‌లో పడితే ఆంధ్రప్రదేశ్ జీఎస్‌వీఏ, ఎడమవైపు పడితే తెలంగాణ జీఎస్‌వీఏ. ప్రతి వానాకాలం రెండు రాష్ట్రాలు ఎవరు ఎంత నీళ్లు వాడి కరెంటు తీశారని తగువు పడేది సాగునీటి కోసమే, నిజమే. కానీ ఆ టర్బైన్ గేటు దగ్గర రాష్ట్ర ఆదాయం కూడా పక్కకి జరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు బావ మొదటి ప్రశ్న. దుడ్లు యాడికి పోతాండాయి?

గని పార్కులో పుట్టిన ఆ 730 కోట్లు ఇక్కడే లెక్కలో పడతాయి, ఎందుకంటే మన దేశంలో రాష్ట్రాల ఆదాయం ‘పుట్టిన చోటు’ ప్రకారం కడతారు. ‘చేరిన చోటు’ ప్రకారం కాదు. ఆ డబ్బు ఎవరికి చేరుతుంది? జీతాలు, ప్యానళ్లు తుడిచేవాళ్లు, కాపలావాళ్లు, కొద్దిమంది టెక్నీషియన్లు. ఒక సోలార్ పార్కుకి జనం పెద్దగా అక్కర్లేదు. మిగతాదాంట్లో పెద్ద వాటా అప్పు మీద వడ్డీ. బ్యాంకు ముంబైలోనో ఢిల్లీలోనో ఉంటుంది. ఇంకో వాటా తరుగుదల, అంటే పాతిక ఏళ్లలో ప్యానళ్లు అరిగిపోయే ఖర్చు. స్థూల లెక్క కాబట్టి అది తీసేయకుండా ఉంచుతారు. చివరది వాటాదారుల లాభం. వాటాదారులు గడివేములలో ఉండరు. తలసరి ఆదాయం కట్టేటప్పుడు ఈ మొత్తంలో తరుగుదల పోగా మిగిలినదంతా జనాభాతో భాగిస్తారు. అంటే గని రైతుకి రాని వడ్డీ కూడా ఆయన తలసరిలో కూర్చుంటుంది. పేపర్లో జిల్లా తలసరి చూసి ‘నా జేబులో లేదే’ అనుకునేవాళ్లు తప్పుగా అనుకోవడం లేదు. ఆ అంకె జేబుల గురించి చెప్పే అంకె కాదు.

దీనికి ఇంకో మెలిక ఉంది. రాష్ట్రం మొత్తానికి లెక్క కట్టడం ఒక ఎత్తు, దాన్ని జిల్లాలకి పంచడం ఇంకో ఎత్తు. జెన్‌కోకి, ట్రాన్స్‌కోకి, డిస్కంకి జిల్లాకో బ్యాలెన్స్ షీట్ ఉండదు. కంపెనీ మొత్తానికి ఒకటే. దాన్ని ఏదో ఒక సూచిక పెట్టుకుని పంచాలి. తయారైన యూనిట్లని బట్టి పంచితే శ్రీశైలం, గని ఉన్న నంద్యాల పెద్దదవుతుంది. వాడిన యూనిట్లని బట్టి పంచితే ఫ్యాక్టరీలున్న విశాఖ వైపు మొగ్గుతుంది. ఉద్యోగుల్ని బట్టి పంచితే ఆఫీసులున్న ఊళ్లు బాగుపడతాయి. అదే కరెంటు, అదే డబ్బు, పంచే గరిటె మారితే జిల్లా ర్యాంకు మారుతుంది. అందుకే జిల్లా అంకెల్లో ఈ రంగాన్ని చూసేటప్పుడు నేను కొంచెం ఉప్పు తగ్గించి తింటాను. రాష్ట్రం అంకె అంతకన్నా గట్టిది.

మన ప్రాంతానికే ఈ అనుభవం ఉంది. సమైక్య రాష్ట్రంలో విద్యుత్ బోర్డుని 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీసి, 2000లో నాలుగు డిస్కంలు పెట్టినప్పుడు కర్నూలు, అనంతపురం జిల్లాలు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సెంట్రల్ డిస్కంలో ఉండేవి. 2014లో రెండూ తిరుపతి కేంద్రంగా ఉన్న సదరన్ డిస్కంలోకి వచ్చాయి. ఆళ్లగడ్డలో ఒక్క స్తంభం కదల్లేదు, ఒక్క తీగ మారలేదు. కానీ ఆ తీగల్లో పారే కరెంటు రాబడి హైదరాబాద్ పుస్తకంలోంచి తిరుపతి పుస్తకంలోకి మారింది.

డిస్కం జీవీఏ ఎట్లా కడతారో బావ బిల్లు మీదే చూద్దాం. ఇది కొంచెం ఓపికగా వినండి.

బిల్లులో యూనిట్ల ఛార్జీ ఉంది, ఫిక్స్‌డ్ ఛార్జీ ఉంది. ఇవి డిస్కం రాబడి. విద్యుత్ సుంకం అని ఇంకో గీత ఉంది. అది డిస్కం వసూలు చేసినా ప్రభుత్వానిది, వస్తువు మీద పన్ను, కాబట్టి రంగం జీవీఏలో రాదు, జీఎస్‌డీపీ దగ్గర కలుస్తుంది. డిస్కం ఖర్చులో ముప్పాతికకి పైన కరెంటు కొనడానికే పోతుంది. అది మధ్యంతర ఖర్చు, తీసేయాలి. దారిలో పోయే కరెంటు కూడా ఇక్కడే దెబ్బ కొడుతుంది. వంద యూనిట్లు కొని ఎనభై ఎనిమిదికి బిల్లు వేస్తే, తీసేసేది వందకి, కలిపేది ఎనభై ఎనిమిదికి. లైన్ నష్టాలు తగ్గించిన ఇంజనీరు ఒక్క యూనిట్ తయారు చేయకుండానే రాష్ట్ర ఆదాయం పెంచుతాడు. ఆయన ఫొటో పేపర్లో రాదు, అది వేరే సంగతి.

ఆ కింద ఇంధన సర్దుబాటు, ట్రూఅప్ అని గీతలు ఉన్నాయి చూశారా. మీ అందరికీ వాటి మీద కోపం ఉంటుందని తెలుసు. లెక్కల పాఠానికి మాత్రం అవి బంగారం. బావ ఒక ఏడాది 1,000 యూనిట్లు వాడాడు, మరుసటి ఏడాది కూడా 1,000. కానీ సర్దుబాటు ఛార్జీలు పడి బిల్లు పెరిగింది. కరెంటు రంగం పెరిగిందా? ‘ప్రస్తుత ధరల్లో’ రాబడి పెరిగింది. ‘స్థిర ధరల్లో’, అంటే ఆధార సంవత్సరం ధరల దగ్గర ఆపి చూస్తే, పెరగలేదు. ఆ వెయ్యి యూనిట్లు ఆ వెయ్యే. అందుకే ప్రభుత్వ పట్టికలో ప్రతి అంకె రెండుసార్లు ఉంటుంది. ఈ ఆధార సంవత్సరాన్ని 2011-12 నుంచి 2022-23కి మార్చే పని కేంద్రం చేపట్టింది కూడా. 2011-12లో సోలార్ అంటే మనకి కాలిక్యులేటర్ మీద చిన్న నల్ల పట్టీ. ఆ ఏడాది ధరలు, నిష్పత్తులు పట్టుకుని ఇప్పటి కరెంటు కొలవడం చిన్నప్పటి చొక్కా కొలతలతో పెళ్లి బట్టలు కుట్టించినట్టు ఉంటుంది.

మరి ఉచిత కరెంటు? శిరివెళ్ల, రుద్రవరం వైపు బోర్ల కింద వరి వేసే రైతుకి 2004 నుంచి బిల్లు లేదు. బిల్లు సున్నా అయితే లెక్కలో కూడా సున్నానా? కాదండీ. 2003 విద్యుత్ చట్టంలో 65వ సెక్షన్ ఉంది. ప్రభుత్వం ఎవరికైనా చవకగా ఇవ్వాలనుకుంటే ఆ తేడా డిస్కంకి తానే కట్టాలి. ఆ సబ్సిడీ డిస్కం రాబడి కింద చేరుతుంది కాబట్టి ఈ రంగం జీవీఏలో ఉంటుంది. అటు రైతు లెక్కలో కరెంటు ఖర్చు సున్నా, కాబట్టి వ్యవసాయం జీవీఏ ఆ మేరకి ఎక్కువగా కనపడుతుంది. రెండుసార్లు లెక్కైనట్టుందే అనుకుంటున్నారు కదా? అందుకే చివర్లో జీఎస్‌డీపీ కట్టేటప్పుడు ఆ సబ్సిడీని మొత్తంలోంచి తీసేస్తారు. డబ్బు లెక్క అట్లా సరిపోతుంది. యూనిట్ల లెక్కే సరిపోదు. బోర్లకి మీటర్లు లేని చోట ఎన్ని యూనిట్లు పోయాయో తెలియాలంటే కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకి మీటర్లు పెట్టి, వాటిని బట్టి మిగతావి అంచనా కడతారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పద్ధతి అంటారు దాన్ని. ఆ అంచనా ఎక్కువేస్తే దొంగతనం, నష్టాలు తక్కువగా కనపడతాయి. తక్కువేస్తే అటు తిరుగుతుంది. అంటే మన కరెంటులో ఒక పెద్ద ముక్క కొలిచింది కాదు, అంచనా వేసింది.

నీళ్ల సంగతి ఒక్క మాట. మున్సిపాలిటీ నీళ్లకి నిజమైన మార్కెట్ ధర లేదు. మనం కట్టే కుళాయి పన్ను ఖర్చుకి సరిపోదు. అట్లాంటి చోట విలువని ఖర్చుతోనే కొలుస్తారు. సిబ్బంది జీతాలు, పైపులు, ట్యాంకుల తరుగుదల కలిపితే అదే జీవీఏ. దీని ఫలితం ఏమిటంటే, ఏ ఊళ్లో అయినా నీళ్లు రోజూ వచ్చినా, నాలుగు రోజులకి ఒకసారి వచ్చినా జీతాలు అవే కాబట్టి అంకె కదలదు. పైగా కొళాయి రాక జనం ట్యాంకర్ కొనుక్కుంటే, ఆ ట్యాంకర్ అతను లెక్కకి దొరికాడంటే, నీటి సరఫరా రంగం పెరిగినట్టే! ఎండాకాలంలో మా అమ్మ ట్యాంకర్‌కి డబ్బులిస్తూ తిట్టే తిట్లు వింటే అది ‘వృద్ధి’ అని ఎవరికీ అనిపించదు.

ఇక బావ రెండో ప్రశ్న. ఇదే నన్ను ఆళ్లగడ్డ దాకా లాక్కెళ్లింది.

మొన్న గాలివానకి వేపచెట్టు కొమ్మ విరిగి లైను మీద పడింది. ఎవరి తప్పూ లేదు. లైన్‌మెన్ వానలోనే పనిచేశారు, కానీ స్తంభాలు కూడా వరసగా ఒరిగిపోయాయి, మూడు రోజులు పట్టింది. బావ షెడ్డులో అప్పుడు ఒక అమ్మవారి విగ్రహం ఉంది, నల్లరాతిది. ప్రతిష్ఠకి ముహూర్తం పెట్టేశారు. ఆళ్లగడ్డ శిల్పాలకి జీఐ గుర్తింపు ఉంది, ఉలి పనికి పేరుంది, నిజమే. కానీ ఈ రోజుల్లో రాయి కోసేది, మొదటి చెక్కుడు చేసేది, నునుపు పెట్టేది మిషన్లే. కళ్లు, పెదాలు, వేళ్ల దగ్గర మాత్రం చేతి ఉలి.

రెండు రోజులు ఆరుగురు పనివాళ్లు ఊరికే కూర్చున్నారు. రోజుకి 900 చొప్పున బావ కూలీ ఇచ్చేశాడు, పంపిస్తే మళ్లీ దొరకరని. 10,800. మూడో రోజు జనరేటర్ అద్దెకి తెచ్చాడు. డీజిల్‌తో కలిపి 4,500. మొత్తం 15,300 రూపాయలు.

అదే మూడు రోజులకి డిస్కం వైపు నుంచి చూద్దాం. షెడ్డు రోజుకి 40 యూనిట్లు వాడుతుంది. 120 యూనిట్లు అమ్ముడుపోలేదు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 840 పోయింది. కానీ ఆ 120 యూనిట్లు కొనలేదు కూడా. ఐదు రూపాయల చొప్పున 600 మిగిలింది. ఫిక్స్‌డ్ ఛార్జీ ఎట్లాగూ వస్తుంది. అంటే కరెంటు రంగం జీవీఏలో ఆ మూడు రోజుల నష్టం, మా బావ షెడ్డు వరకు, 240 రూపాయలు.

బావ ఆ 240 వైపు చాలాసేపు చూశాడు.

“నా పదైదు వేలు యాడుండాయి మరి?”

ఉన్నాయి బావా, కానీ ఆ గదిలో లేవు. నీ షెడ్డు తయారీ రంగం కింద వస్తుంది. ఆ రెండు రోజులు రాయికి కొత్త విలువ చేరలేదు, మూడో రోజు డీజిల్ ఖర్చు పెరిగి నీ జోడింపు తగ్గింది. కాకపోతే నీలాంటి చిన్న షెడ్డు పుస్తకాలు కంపెనీల శాఖకి పోవు. చిన్న యూనిట్లని అప్పుడప్పుడు సర్వే చేసి, మధ్య సంవత్సరాల్లో సూచికలతో అంచనా కడుతూ వచ్చారు. ఆళ్లగడ్డలో మూడు రోజుల గాలివాన ఆ జల్లెడలో నిలబడేంత పెద్దది కాదు. అదీగాక, నువ్వు తెచ్చిన డీజిల్ మీద పన్ను, బంకు వాళ్ల కమీషన్, జనరేటర్ అద్దె ఇవన్నీ వేరే వేరే గదుల్లో ప్లస్సులుగా పడ్డాయి.

“అంటే నాకు కరెంటు పోతే ఇంకొకనికి వృద్ధి.”

అవును.

యుటిలిటీస్ అంటే రెండు, మూడు శాతం అని మొదట్లో చెప్పాను కదా. ఆ శాతం కరెంటు అమ్మేవాళ్ల దగ్గర మిగిలే విలువ. కొనేవాళ్లకి ఆ కరెంటు ఎంత విలువైందో అది చెప్పదు, చెప్పడానికి కట్టిందీ కాదు. దానికి వేరే లెక్క ఉంది. అందని యూనిట్ వల్ల వాడేవాడికి ఎంత పోయిందో చూడాలి. బావ విషయంలో 15,300ని 120తో భాగించండి. యూనిట్‌కి 127 రూపాయల 50 పైసలు. బిల్లులో ఉన్నది ఏడు. సబ్‌స్టేషన్ కట్టాలా, లైన్ కింద చెట్లు ముందే కొట్టాలా, ఇంకో ఫీడర్ వేయాలా అని ఆలోచించేటప్పుడు పనికొచ్చే అంకె ఈ రెండోది. జీఎస్‌వీఏ పట్టికలో ఎంత వెతికినా అది దొరకదు. ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు కూర్చుని, షెడ్డు షెడ్డుకీ, పిండిమర పిండిమరకీ తిరిగి అడిగితేనే తేలుతుంది. నేను ఆ ఒక్క షెడ్డే అడిగాను. మీ ఊళ్లో మీరు ఒకటి అడిగి చూడండి.

అమ్మవారు ముహూర్తానికి ముందు రోజు సాయంత్రం లారీ ఎక్కింది. మూడో రోజు జనరేటర్ మీద నునుపు పెట్టారు, ఆ రాత్రి కరెంటు వచ్చాక మిగతాది. నేను బయల్దేరుతుంటే బావ ఆ బిల్లు నా చేతిలోంచి తీసుకున్నాడు. వెనక నా లెక్కలన్నీ ఉన్నాయి కదా, వాటిలో 127.50 చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో, రాయి మీద గుర్తు పెట్టే పెన్సిల్ అది, ఒక సున్నా చుట్టి షెడ్డు గోడకి మేకుకి గుచ్చాడు.

వచ్చేసారి జిల్లాలో గోడౌన్లు, కోల్డ్ స్టోరేజీల లెక్క చూద్దాం. శనగల ఉదాహరణ ఎట్లాగూ మొదలుపెట్టాం కాబట్టి.